మా షడ్డకుడి గ్రైండరు

రెండు నెలల కిందట ఆఫీసులో మధ్యాహ్నం టీ తాగుతుండగా ఫోను చిన్నగా మోగింది, చూస్తే మా బ్యాంకు హెచ్.ఆర్. వాళ్ళ దగ్గర నుంచి మెయిలు. మా బ్యాంకు ఇంకో పెద్ద బ్యాంకులో కలిసిపోతున్న శుభ సందర్భంగా, చిరకాలంగా సేవలందించిన ఉద్యోగులకు తమంతట తాముగా ముందే రిటైరయ్యే సదవకాశం కల్పిస్తున్నారట. పైన అరబ్బీలో, కింద ఇంగ్లీషులో, రెండు భాషల్లోనూ తియ్యగానే రాశారు. మన వయసు వాళ్ళకు ఇలాంటి మెయిళ్ళు ఎలా చదవాలో ఎవరూ నేర్పనక్కర్లేదు, సదవకాశం అన్న మాట కనబడగానే సామాను సర్దుకోవడం మొదలుపెట్టాలని తెలుసు. నిజానికి నాకు బాధ కలగాలి, కనీసం భయమైనా కలగాలి, ఇన్నేళ్ళ సౌదీ బతుకు, దమ్మామ్ బతుకు ఒక్క మెయిలుతో అయిపోతోందని కళ్ళైనా చెమర్చాలి. అదేమీ జరగలేదు. ఆ మెయిలు చదవగానే నాకు ముందు గుర్తుకొచ్చింది మా షడ్డకుడు, ఆ వెనకే పాత అసూయ, ఇన్నేళ్ళూ పెట్టిన చోటే ఉన్నట్టు, కొంచెం కూడా రంగు వెలవకుండా వచ్చి కూర్చుంది.

షడ్డకుడంటే మా కడప వైపు తోడల్లుణ్ణి అనే మాట. మా ఆవిడ అక్క మొగుడు. నాకంటే వయసులో పెద్ద, దమ్మామ్‌కు నాకంటే ముందు వచ్చినవాడు, నాకు ఈ ఉద్యోగానికి వీసా తెప్పించినవాడు. ఇన్ని మేళ్ళు చేసిన మనిషి మీద అసూయ ఏమిటని మీరడగవచ్చు. మేలు చేయని వాళ్ళ మీద నాకెప్పుడూ అసూయ కలగలేదు, వాళ్ళతో నాకేం పని? ఆయన ఒక్కడి మీదే అసూయ పడ్డాను, జీవితమంతా శ్రద్ధగా పడ్డాను, దానికి ఇవాళ కూడా నేను సిగ్గుపడటం లేదు.

అప్పట్లో మా బ్రాంచి పాత బజారు వెనక ఉండేది. లేబర్ క్యాంపుల నుంచి బస్సులు వచ్చి ఆ వీధి మొదట్లో మనుషుల్ని దింపేవి. వారాంతం గురువారం, శుక్రవారం ఉండే రోజులవి, ఇప్పటి పిల్లలకు ఆ సంగతి చెప్తే నమ్మరు. క్యాంపుల వాళ్ళ కోసం మా బ్రాంచి గురువారం కూడా తెరిచేవాళ్ళు, జీతాలు పడ్డ తర్వాత వచ్చే గురువారం హాల్లో నిలబడటానికి చోటుండేది కాదు. ఇంటికి డబ్బు పంపే కౌంటర్లు రెండుండేవి, ఒకదాంట్లో మా షడ్డకుడు, పక్కదాంట్లో నేను. ఇద్దరిదీ ఒకే పని, ఒకే జీతం మెట్టు, ఒకే రకం కుర్చీ. క్యూ మాత్రం ఆయన ముందే.

నేను గొప్ప చెప్పుకుంటున్నానని అనుకోకండి గానీ నా చెయ్యి చాలా చురుకు. నా ముందుకొచ్చిన మనిషి సలాం చెప్పి ఊపిరి పీల్చుకునే లోపల అతని పని అయిపోయేది. ఆయనదంతా నిదానం. ఒక్కొక్కణ్ణి పట్టుకుని నీదే ఊరు, మీ అమ్మ కంటి ఆపరేషను అయిందా, సిగరెట్లు మానేసినావా లేదా అని ఊరి రచ్చబండ మీద కూర్చున్నట్టు అడుగుతూ ఉండేవాడు. అడగడమేమిటి, తిట్టేవాడు. రాయచోటి వైపు కుర్రవాడొకడు రెండు నెలలు ఇంటికి డబ్బు పంపకుండా కొత్త ఫోను కొనుక్కున్నాడని తెలిసి హాలంతా వినేలా కడిగేశాడు, ఆ కుర్రవాడు తల దించుకుని నవ్వుతూ నిలబడ్డాడు, మళ్ళీ నెల మళ్ళీ ఆయన ముందుకే వచ్చాడు. తిట్టించుకోవడానికి వరసలో నిలబడే జనాన్ని నేనక్కడే చూశాను.

నా కౌంటరు ముందు ఎప్పుడూ ముగ్గురో నలుగురో ఉండేవాళ్ళు, అదీ తొందరలో ఉన్నవాళ్ళు. ఒకసారి ఉండబట్టలేక ఆయన క్యూ చివర నిలబడ్డ ఒక మేస్త్రీని పిలిచి, ఇటు రా నాయనా, ఇక్కడ ఖాళీగానే ఉంది అన్నాను. అతను చాలా మర్యాదగా, ‘పర్వాల్యాదులే సార్, నాకేం పని ల్యాదు, పెద్దన్న కాడనే పంపుతా’ అన్నాడు. నేను సార్, ఆయన పెద్దన్న. ఆ వెనకున్న పెషావర్ అతను కూడా, నేనేదో జాలిపడి పిలుస్తున్నాననుకున్నాడేమో, ‘కోయీ బాత్ నహీ భాయ్, హమ్ ఇధర్ హీ ఠీక్ హై’ అన్నాడు. తెలుగు రాని పఠాను కూడా ఆయన దగ్గరే నిలబడతానంటే నాకు కడుపు మండదా మరి.

అన్నిటికన్నా నన్ను ఎక్కువ కాల్చింది హెల్మెట్లు. నమాజు వేళకు బ్యాంకు తలుపులు మూసి అందరినీ బయటికి పంపేవాళ్ళు కదా, అప్పుడు క్యూలో తమ చోటు పోకుండా సైటు నుంచి తిన్నగా వచ్చినవాళ్ళు తమ పసుపుపచ్చ హెల్మెట్లు తీసి నిలబడ్డచోటే నేల మీద పెట్టి పోయేవాళ్ళు. హెల్మెట్ లేనివాడు నీళ్ళ సీసానో చేతిసంచో పెట్టేవాడు. ఎవరూ ఎవరిదీ జరిపేవారు కారు, అదొక కట్టుబాటు. నేను నమాజు ముగించుకుని లోపలికి వచ్చేసరికి ఖాళీ హాల్లో మా షడ్డకుడి కౌంటరు నుంచి గుమ్మం దాకా పసుపుపచ్చ హెల్మెట్ల వరస ఉండేది. నా కౌంటరు ముందు నేల తళతళా మెరుస్తూ ఉండేది. మనుషులైతే మనుషులని సరిపెట్టుకోవచ్చు, హెల్మెట్లు కూడా ఆయన వైపే చూస్తుంటే ఏం చెయ్యాలి?

ఇళ్ళల్లో పనికొచ్చిన మన ఆడవాళ్ళు కూడా అప్పుడప్పుడూ వచ్చేవాళ్ళు, కఫీలు డ్రైవరు బయట కారులో కూర్చుంటే గబగబా వచ్చి పంపి పోయేవాళ్ళు. అంటే వాళ్ళను ఇక్కడికి తెప్పించుకున్న యజమాని ఇంటి డ్రైవరన్నమాట. వాళ్ళు కూడా పక్కన బల్ల మీద కూర్చుని ఆయన ఖాళీ అయ్యేదాకా చూసేవాళ్ళు. నెలకొకసారి సొంత భాష వినడానికి వస్తున్నారని నాకు తెలుసు. నాకూ వచ్చు తెలుగు.

సరే, బ్యాంకులో ఇలా ఏడుస్తున్నానా, ఇంటికి వస్తే అక్కడ ఇంకో క్యూ. మా రెండు కుటుంబాలూ ఒకే బిల్డింగులో ఉండేవి, వాళ్ళు రెండో అంతస్తులో, మేము పైన మూడో అంతస్తులో. మా వదిన, అంటే ఆయన భార్య, ఇండియా నుంచి ఒక రాతి గ్రైండరు తెచ్చుకుంది, ఇడ్లీ పిండి రుబ్బేది. అప్పట్లో ఇక్కడి పాత ఇళ్ళల్లో కరెంటు మనదాంట్లో సగం బలమే వచ్చేది, మన మిషను తిరగాలంటే మధ్యలో ఒక ట్రాన్స్‌ఫార్మరు పెట్టాలి, అది ఎత్తబోతే నడుము పట్టేసేంత బరువు. ఇన్ని తిప్పలు పడి మిషను పెట్టుకున్నవాళ్ళు ఆ బిల్డింగులో వేరే ఎవరూ లేరు కాబట్టి, తెలుగువాళ్ళు, తమిళులు, కేరళవాళ్ళు అందరూ బుధవారం సాయంత్రానికల్లా నానబెట్టిన బియ్యం గిన్నెలతో మా వదిన గుమ్మం ముందు చేరేవాళ్ళు. మెట్ల మీద వరసగా గిన్నెలు, మూతల మీద ఎవరి గుర్తు వాళ్ళది. లోపల గ్రైండరు ఘుర్రుమని తిరుగుతూ ఉంటే మా షడ్డకుడు లుంగీ కట్టుకుని వరండాలో కూర్చుని వచ్చిన వాళ్ళందరి కష్టసుఖాలూ కనుక్కుంటూ ఉండేవాడు. నేను బజారు పని చూసుకుని వచ్చి ఆ గిన్నెల్ని దాటుకుంటూ మా మూడో అంతస్తుకు ఎక్కేవాణ్ణి. మా గిన్నె కూడా అందులోనే ఉండేది.

ఇట్లా సాగుతుండగా అప్పుడు కూడా ఇదే కథ వచ్చింది, మా బ్యాంకు ఇంకో బ్యాంకుతో కలిసింది. బోర్డు మారింది, చొక్కా మీద బిళ్ళ రంగు మారింది, ఆ తర్వాత ఎవరుండాలి ఎవరు పోవాలి అన్న లెక్క మొదలైంది. ఇక్కడి యువకులకు కౌంటర్లలో ఉద్యోగాలివ్వాలి, అది న్యాయమే, వాళ్ళ దేశం. మా బ్రాంచిలో డబ్బు పంపే రెండు కౌంటర్లలో బయటిదేశం వాడు ఇక ఒక్కడే ఉండాలని తేల్చారు. తనంతట తాను రాసిచ్చి పోయేవాడికి సర్వీసు డబ్బు మీద ఇంకొంత కలిపి గౌరవంగా పంపిస్తారు, ఎవరూ రాసివ్వకపోతే మేనేజరే ఒక పేరు పైకి పంపాలి. ఆ పేరు వచ్చినవాడి ఇఖామా, అంటే ఇక్కడ ఉండే పర్మిట్టు, రద్దు, ఫైనల్ ఎగ్జిట్, భార్యాపిల్లలతో సహా ఇంటికి.

మా అమ్మాయి అప్పుడు ఇక్కడి ఇండియన్ స్కూల్లో పదో తరగతి, బోర్డు పరీక్షలు ముందున్నాయి. చదువు మధ్యలో పిల్లని లేపుకుని ఊరికి పోతే అక్కడ ఏ స్కూలు చేర్చుకుంటుంది? ఏడాది పోతుంది. మా ఆవిడకు, నాకు తిండి సహించడం మానేసింది. పోయేది నేనేనని నాకు అనుమానమేమీ లేదు. మేనేజరు స్థానంలో మీరుండి హాల్లోకి ఒక్కసారి తొంగి చూస్తే ఎవర్ని ఉంచుతారు, హెల్మెట్లున్న వాణ్ణా, నేల మెరుస్తున్న వాణ్ణా?

నాకే కాదు, బిల్డింగంతటికీ అదే నమ్మకం. అది ఎలా తెలిసిందో చెప్పాలంటే మన గల్ఫ్ ఆచారం ఒకటి చెప్పాలి, ఇక్కడ బతికిన వాళ్ళకు కొత్తేమీ కాదు. ఎవరైనా ఫైనల్ ఎగ్జిట్‌లో పోతున్నారని తెలిస్తే వాళ్ళ ఇంట్లో సామానుకు ఇరుగుపొరుగు ముందే మాట చెప్పి పెట్టుకుంటారు. ఫ్రిజ్ నాకు, పరదాలు మాకు అని ఎవరు ముందు అడిగితే అది వాళ్ళది. పోయేవాడికీ అది బాధ కాదు, తన సామాను నలుగురూ అడిగారంటే అదొక తృప్తి. కాకపోతే పోతున్నట్టు మనం చెప్పిన తర్వాత అడగాలి. మేము ఇంకా పోతున్నామని మాకే తెలియనప్పుడు కింద ఇంటి కాకినాడ ఆవిడ పంచదార కోసమని పైకి వచ్చి, పంచదార తీసుకుని కూడా కదలకుండా మా వాషింగ్ మెషిన్ చుట్టూ తిరిగి మూత ఎత్తి చూసి, ‘ఎన్నాళ్ళయిందండీ ఇది కొని? నీళ్ళేమీ కారవు కదండీ?’ అంది.

మా ఆవిడ ఆ మూత తీసుకుని మళ్ళీ మూసేసింది. ‘మేము యాడికీ పోము. మిషను గుడకా యాడికీ పోదు’ అని చెప్పి తలుపు దాకా వచ్చి ఆవిడను సాగనంపింది.

మర్నాడు మెట్ల మీద కలిసిన హైదరాబాదు డ్రైవరు, అతను కింది అంతస్తులో ఉండేవాడు, మనిషి మంచివాడే, నా భుజం మీద చెయ్యి వేసి, ‘ఆ సోఫా జర నాకు పెట్టు భాయ్, ఇంకెవ్వరికి మాటియ్యకు’ అన్నాడు. అందులో ఎగతాళి ఏమీ లేదు, ప్రేమగానే అన్నాడు, ప్రేమగా అన్నందుకే నాకు మరీ మండింది. ఇంటికి పోయి ఆ సోఫాలో కూర్చుని చాలాసేపు ఆలోచించాను. మా షడ్డకుడి ఫ్రిజ్ వైపు ఒక్కడైనా చూశాడా? ఆయన పోతాడని ఒక్కడికైనా తోచిందా? ఉద్యోగం పోతుందన్న దిగులు ఒక ఎత్తు, పోయేది నేనేనని అందరికీ అంత తేలిగ్గా తోచడం ఇంకో ఎత్తు.

ఆ వారమే మేనేజరు మా ఇద్దరినీ లోపలికి పిలిచాడు. పెద్దమనిషి, ఎవరినీ నొప్పించడం ఇష్టం లేనివాడు. గావా, అదే అరబ్బు కాఫీ, పోయించాడు, ఖర్జూరాలు మా వైపు జరిపాడు, కుటుంబాలు ఎలా ఉన్నాయని అడిగాడు, మళ్ళీ గావా పోయించాడు, ఎంతకీ విషయానికి రాలేకపోయాడు. మీలో ఎవరైనా రాసిస్తే నాకు పేరు పంపే బాధ తప్పుతుందని చివరికి అన్నాడు. నేను ఖర్జూరం గింజ చేతిలో పట్టుకుని ఎక్కడ పెట్టాలో తెలియక కూర్చున్నాను. ఏదో చెప్పబోయాను కూడా, ఏం చెప్పబోయానో నాకిప్పటికీ తెలియదు. మా షడ్డకుడు నా వైపు తిరగకుండానే తెలుగులో, ‘నువ్వు ఊరికే ఉండబ్బీ’ అని, మేనేజరు వైపు తిరిగి తనకొచ్చిన బజారు అరబ్బీలో తాను పోతానని చెప్పేశాడు. మేనేజరు ముఖంలో దిగులు చూశాను. నేను పోతానని ఉంటే ఆ దిగులు కనబడేదో లేదో.

బయటికి వచ్చాక ఎందుకలా చేశావన్నా అని అడిగాను. ఆయన ఆ ప్రశ్నకు విసుక్కున్నాడు. ‘నా పిల్లోళ్ళ సదువులైపాయ. నీ బిడ్డ పరీక్ష రాయల్ల. దీంట్లో అడిగేదేముండాది?’ అన్నాడు, అని, క్యాంటీన్‌లో సమోసాలు అయిపోతాయని ముందు నడిచాడు. నేను వెనక నుంచి పోయి ఆయన రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకున్నాను. మనస్ఫూర్తిగానే అద్దుకున్నాను. అదే క్షణంలో, ఇంత పెద్ద మాట ఇంత చిన్నగా చెప్పడం ఈయనకు ఎలా వచ్చిందని కుళ్ళుకున్నాను. కృతజ్ఞత ఉంటే అసూయ పోతుందని ఎవరైనా చెప్తే నమ్మకండి, రెండూ ఒకే గదిలో హాయిగా కాపురం చేస్తాయి. పైగా ఇప్పుడు ఆయన మీద విసుక్కునే హక్కు కూడా నాకు లేకుండా పోయింది.

ఆ సాయంత్రానికే బిల్డింగుకు కబురు తెలిసింది. మా సోఫాకు మాట చెప్పిన డ్రైవరు మా అంతస్తు దాకా ఎక్కకుండా రెండో అంతస్తులోనే ఆగిపోయాడు. కాకినాడ ఆవిడ మా వాషింగ్ మెషిన్‌ను మళ్ళీ తలవలేదు. మీరు నవ్వుతారు గానీ, నాకు అప్పుడు ఆ సోఫాను చూస్తే జాలేసింది, అడిగినప్పుడు మండిపడ్డానే గానీ అడిగిన మనిషి అలా మరిచిపోతాడనుకోలేదు.

మా షడ్డకుడి ఇల్లు పంచిన రోజు నేను ఇప్పటికీ మరిచిపోలేను. శుక్రవారం జుమ్మా నమాజు అయ్యాక మొదలైంది. బిల్డింగు వాళ్ళు సరే, క్యాంపుల నుంచి బస్సు మాట్లాడుకుని వచ్చారు. పెద్ద సామానంతా ముందే మాటల్లో అయిపోయింది, ఆ తర్వాత వచ్చినవాళ్ళకు ఇవ్వడానికి ఏమీ లేదు, అయినా ఏదో ఒకటి కావాలని నిలబడ్డారు. ఒకడు బాత్రూములో ఉన్న విరిగిన బక్కెట్ అడిగాడు. ఒకడు గోడ మీద పాత క్యాలెండరు తీసుకున్నాడు, పోయిన సంవత్సరానిది. రాయచోటి కుర్రవాడు చెప్పుల స్టాండు నెత్తి మీద పెట్టుకుని మెట్లు దిగాడు. కఫీలు ఇంటి నుంచి డ్రైవరును బతిమాలుకుని వచ్చిన ఒకావిడ, బాల్కనీలో పెయింటు డబ్బాలో పెరుగుతున్న కరివేపాకు మొక్కను ఒళ్ళో పెట్టుకుని కారెక్కింది. మా వదిన ఏడుస్తూనే అందరికీ టీ పోసింది, గ్లాసులు అప్పటికే ఎవరివో అయిపోయాయి కాబట్టి తాగి కడిగి ఇమ్మని అడుక్కోవలసి వచ్చింది.

నేను మాత్రం ఏమీ అడగలేదు. మాకన్నీ ఉన్నాయని చెప్పాను. నిజం చెప్పాలంటే ఆ గ్రైండరు మీద నాకు కన్నుండేది, మా ఆవిడకు అంతకంటే ఎక్కువ ఉండేది, కానీ ఆ వరసలో నిలబడటానికి నాకు మనసొప్పలేదు. బ్యాంకులో ఆయన క్యూ చూసి ఏడ్చినవాణ్ణి, చివర్లో పోయి నేనే ఆయన క్యూలో నిలబడాలా? సాయంత్రం అందరూ పోయాక మా వదిన ఇద్దరు మనుషుల్ని పెట్టి గ్రైండరునూ, ట్రాన్స్‌ఫార్మరునూ మా ఇంటికి ఎత్తించింది. మీరడక్కపోయినా ఇది చెల్లెలిది కాక ఇంకెవురిదని మా ఆవిడతో అందట. విమానాశ్రయంలో ఆయన్ను దింపడానికి పోయినప్పుడు ఆయన మా బండిలో, మా వెనక క్యాంపు బస్సు. బస్సు నిండా మనుషులు.

ఇక ఆయన సీటు నాది, ఆయన గ్రైండరు నాది. తర్వాత నెల జీతాల గురువారం నాడు నేను కొత్త చొక్కా వేసుకుని బ్యాంకుకు పోయాను. ఆ సంగతి మా ఆవిడ ఇప్పటికీ ఎత్తి చూపిస్తుంది. నా లెక్క ప్రకారమే క్యూ అంతా నా ముందుకే వచ్చింది, ఇంకెక్కడికి పోతుంది. నమాజుకు లేచేముందు చూస్తే నా కౌంటరు నుంచి గుమ్మం దాకా హెల్మెట్లు. ఆ దృశ్యం చూడటానికి ఎన్నేళ్ళు కాచుకున్నాను నేను. కానీ వచ్చిన ప్రతివాడూ పని కాగానే కదలకుండా, పెద్దన్న ఎట్లుండాడు సార్, ఊర్లో ఏం చేస్తాండాడు, ఫోను చేస్తే మేము అడిగినామని చెప్పు అనేవాడు. నేనూ ఒకరిద్దరిని మీదే ఊరు, అమ్మ బాగుందా అని ఆయనలాగే అడిగి చూశాను. మర్యాదగా జవాబు చెప్పారు. ఒకణ్ణి తిట్టి కూడా చూశాను, వాడు నొచ్చుకున్నాడు.

అదీ ఎన్నాళ్ళో సాగలేదు. డబ్బు పంపడం మెల్లగా ఫోనులోకి వచ్చేసింది. బస్సు దిగే అవసరమే లేదు, క్యాంపులో మంచం మీద పడుకుని వేలితో నొక్కితే ఊళ్ళో అమ్మ ఖాతాలో పడుతుంది. గురువారం హాలు పలచబడింది, తర్వాత వారాంతమే మారిపోయింది, తర్వాత ఒకరోజు కౌంటరు అద్దాలు తీసేసి ఆ చోట ప్లాస్టిక్ మొక్కలు, సోఫాలు పెట్టారు. నన్ను పైన వెనక గదిలోకి మార్చారు, అక్కడ మనుషుల ముఖాలు చూసే పని లేదు. గ్రైండరు సంగతీ అంతే. మా ఆవిడ మొదట్లో బిల్డింగంతా చెప్పి వచ్చింది, బియ్యం నానబెట్టుకుని రండి, మొహమాటం వద్దని. కొన్నాళ్ళు నాలుగైదు గిన్నెలు వచ్చాయి. ఆ తర్వాత సూపర్ మార్కెట్‌లో ఇడ్లీ పిండి ప్యాకెట్లు వచ్చాయి, ఇక్కడ ఉండే కుటుంబాల మీద ప్రభుత్వం తలకింతని ఫీజు వేశాక చాలామంది భార్యాపిల్లల్ని ఊరికి పంపేశారు, ఇళ్ళన్నీ ఒంటరి మగవాళ్ళతో నిండిపోయాయి. మా మెట్ల మీద గిన్నె కనబడి ఎన్నేళ్ళయిందో. ఆయన కుర్చీ దొరికింది, ఆయన గ్రైండరు దొరికింది, మనుషుల్ని మాత్రం ఆయన తనతో ప్రొద్దుటూరుకు పట్టుకుపోయినట్టున్నాడు.

మెయిలుకు నేను సరేనని రాసిచ్చేశాను. అమ్మాయి పెళ్ళయి బెంగుళూరులో ఉంది, నన్నిక్కడ పట్టి ఉంచేదేమీ లేదు. మా ఆవిడ సామాను ఫోటోలన్నీ తీసి బిల్డింగు వాట్సప్ గ్రూపులో పెట్టింది, సోఫా, ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, గ్రైండరు, ఎవరికేది కావాలంటే అది తీసుకోండి, డబ్బులొద్దు అని రాసింది. వరసగా బొటనవేళ్ళ బొమ్మలు వచ్చాయి. ఒకరు ఆల్ ది బెస్ట్ అంకుల్ అన్నారు. రెండో అంతస్తులో, మా షడ్డకుడు ఉన్న ఇంట్లోనే ఉండే కుర్రవాడు గ్రైండరు ఫోటో కింద, ‘ఇదేం మెషిన్ అంకుల్, సిమెంటు కలిపేదా?’ అని అడిగాడు. తలుపు మాత్రం ఎవరూ తట్టలేదు. ఈ పిల్లల్ని అనడానికీ లేదు, ఫోనులో నొక్కితే కొత్త ఫ్రిజ్ ఇంటికి వచ్చి దిగుతుంది, ముసలాడి పాత ఫ్రిజ్ ఎందుకు? పాత సామాను కొనే బంగ్లాదేశీ అతను వచ్చి అన్నీ చూశాడు, గ్రైండరు దగ్గర ఆగి కాలితో మెల్లగా తట్టి, ‘యే నహీ చలేగా సాబ్’ అని పోయాడు.

నేను రోజూ ఆఫీసు నుంచి వచ్చి మా ఆవిణ్ణి అడుగుతూ ఉన్నాను, ఎవరైనా వచ్చారా అని. నా సోఫా వైపు చూసినందుకు మండిపడినవాణ్ణి, ఎవరైనా వచ్చి ఆ వాషింగ్ మెషిన్ మూత ఎత్తి చూస్తే బాగుండునని కూర్చున్నాను. కళ్ళు మూసుకుంటే నెత్తి మీద చెప్పుల స్టాండుతో మెట్లు దిగుతున్న కుర్రవాడే కనబడుతున్నాడు. ఆయన విరిగిన బక్కెట్‌కు కూడా మనిషున్నాడు. ఆయన గోడ మీది పాత క్యాలెండరుకు కూడా మనిషున్నాడు.

మొన్న శుక్రవారం నమాజు నుంచి వచ్చేసరికి మా ఆవిడ ఫోను పట్టుకుని నవ్వుతోంది, అవతల వాళ్ళక్క, పక్కన మా షడ్డకుడు. జుట్టంతా పోయింది, గొంతు మాత్రం అదే. అక్కాచెల్లెళ్ళ దగ్గర విషయమంతా విన్నట్టున్నాడు, పలకరింపు కూడా లేకుండా, ‘గ్రైండరు ఎవురికన్నా మాటిచ్చినావా అబ్బీ?’ అన్నాడు. లేదన్నాను. ‘ఇయ్యొద్దు. నాకు పెట్టు. నేనే ముందడిగినా, గుర్తుపెట్టుకో’ అన్నాడు. ఓడ కార్గోలో వేయాలి, ఖర్చెంతవుతుందో తెలుసా, ప్రొద్దుటూరులో అంతకంటే మంచిది దొరుకుతుంది కదన్నా అన్నాను. ఆయన వినిపించుకోలేదు. ట్రాన్స్‌ఫార్మరు గుడకా పంపమన్నాడు. ఇక్కడి కరెంటుకు తప్ప అది ఎందుకూ పనికిరాదని ఆయనకు తెలియదా? అంతటితో ఊరుకోకుండా నీ సోఫా రంగేమి, పరదాలు ఎవురికిస్తాండావు, మీ బాత్రూములో నీలం బక్కెట్ ఉందా పారేసినావా అని ఒక్కొక్కటే అడగడం మొదలుపెట్టాడు. నేను నవ్వుతూ జవాబులు చెప్తున్నాను. బక్కెట్ దగ్గరికి వచ్చేసరికి ఫోను మా ఆవిడకిచ్చి బాల్కనీలోకి పోయాను.

నిన్న కార్గో వాళ్ళు వచ్చి గ్రైండరును గోనెపట్టాలో చుట్టి, తాళ్ళు కట్టి తీసుకుపోయారు. అది మెట్లు దిగుతుంటే కింది అంతస్తు కుర్రాళ్ళు చెవుల్లో వైర్లు పెట్టుకుని పక్కకు తప్పుకున్నారు, ఎవరు పోతున్నారని అడగలేదు. వాళ్ళు చెడ్డవాళ్ళేమీ కాదు. వాళ్ళ డబ్బు ఫోనులో పోతోంది, పిండి ప్యాకెట్లో వస్తోంది, ఒకరి గుమ్మం ముందు ఒకరు నిలబడే పని వాళ్ళకు మేమెవరమూ మిగల్చలేదు. రేపు నేను విమానమెక్కగానే గ్రూపులోంచి నా పేరు తీసేస్తారు, అంతటితో సరి. వంటింట్లో గ్రైండరు ఉన్నచోట నేల మీద గుండ్రంగా మచ్చ పడి ఉంది, మా ఆవిడ ఎంత తోమినా పోవడం లేదు. మా షడ్డకుడి మీద నాకు అసూయ ఇంకా తగ్గలేదు, ఇప్పుడు ఇంకొంచెం పెరిగింది కూడా, ఎందుకంటే నన్ను సాగనంపడానికి కూడా చివరికి ఆయనే కావలసి వచ్చాడు. ఇంతమంది ఉన్న దమ్మామ్‌లో నా సామాను చూసి ‘నాకు పెట్టు’ అని అడిగినవాడు ఒక్కడే ఒక్కడు, వాడు దమ్మామ్‌లో లేడు.